ఆటిజం థెరపీ అమ్మానాన్నల చేతికొస్తే: మాంచెస్టర్, గోవా పరిశోధనలు చెప్పేదేమిటి?

హనుమకొండలో మూడేళ్ల పిల్లాడికి ఆటిజం ఉందని తేలితే ఆ ఇంట్లో మొదట వేసుకునే లెక్క థెరపీ గురించే. వారానికి ఎన్ని సెషన్లు, ఒక్కోదానికి ఎంత, ఎన్నేళ్లు తిప్పాలి. అదే పిల్లాడు ఏటూరునాగారం అవతల ఏదో గూడెంలో పుట్టి ఉంటే లెక్క ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. బస్సు ఎప్పుడుంది, వెంట ఎవరు పోవాలి, ఆ రోజు కూలి పోతే ఎట్లా. స్పీచ్ థెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎక్కువగా హైదరాబాద్‌లో ఉంటారు. వరంగల్, కరీంనగర్ లాంటి పట్టణాల్లో కొందరు దొరుకుతారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల లోపలి ఊళ్లవాళ్లకు అక్కడిదాకా రావడమే పెద్ద పని.

అందుకే మన జిల్లాలకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. నిపుణుడు గంటలకొద్దీ పిల్లాడితో కూర్చునే బదులు, రోజంతా పిల్లాడితో ఉండే అమ్మానాన్నలకే మెలకువలు నేర్పితే ఫలితం ఉంటుందా? ఉంటే ఎంత? ఆ నేర్పే మనిషికి పెద్ద డిగ్రీలు లేకపోయినా పని జరుగుతుందా? ఈ ప్రశ్నలకు గట్టి పరీక్ష పెట్టి జవాబు వెతికినవాళ్లలో జోనథన్ గ్రీన్ ముఖ్యుడు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పిల్లల మానసిక వైద్య ఆచార్యుడాయన. ఇంగ్లండ్‌లో ఆయన బృందం పరీక్షించిన పద్ధతిని ‘ప్యాక్ట్’ అంటారు. అది తర్వాత గోవాకు, పాకిస్తాన్‌లోని రావల్పిండికి వచ్చింది. ఇక్కడి రూపానికి ‘పాస్’ అని పేరు.

ఈ పరిశోధనల గురించి వినగానే మనవాళ్లకు రెండు అపార్థాలు కలుగుతాయి. ఇంట్లోనే చేసుకుంటే ఆటిజం పోతుందట అనేది ఒకటి. అమ్మ పద్ధతి మారితే బిడ్డలో మార్పు వచ్చిందంటే, ఇన్నాళ్లూ తప్పు అమ్మదేనన్నమాట అనేది రెండోది. రెండోది చాలా కాపురాల్లో చిచ్చు పెట్టింది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

నింద ఎక్కడి నుంచి వచ్చింది

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా. తోటి మనిషితో మాట, చూపు, సైగ కలపడంలో ఇబ్బంది ఒకవైపు ఉంటుంది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, చిన్న మార్పును కూడా తట్టుకోలేకపోవడం, శబ్దాలకూ స్పర్శకూ రుచులకూ అతిగానో మరీ తక్కువగానో స్పందించడం ఇంకోవైపు ఉంటుంది. ఒక్క మాటా రాని పిల్లలూ, గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతూ స్నేహం మాత్రం కలుపుకోలేని పిల్లలూ ఒకే వరుసలోని వాళ్లేనని బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ 1979, 1981 నాటి పరిశోధన పత్రాలతో వాదించారు. ఆమె కూతురికీ ఆటిజం ఉండేది. ఇవాళ మనం వాడే ‘స్పెక్ట్రమ్’ అన్న మాట ఆ ఆలోచన నుంచే వచ్చింది.

ఆటిజాన్ని 1943లో 11 మంది పిల్లల వివరాలతో వర్ణించిన అమెరికా మానసిక వైద్యుడు లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా కనబడిందని కూడా రాశాడు. ఆ ఒక్క పరిశీలన తర్వాతి ఇరవై ఏళ్లలో పెద్ద సిద్ధాంతమై కూర్చుంది. తల్లి మనసు చల్లగా గడ్డకట్టుకుపోతే బిడ్డ లోపలికి ముడుచుకుపోతాడని 1950లు, 60లలో అమెరికాలో ఎందరో నమ్మారు. బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని గట్టిగా ప్రచారం చేశాడు. బిడ్డలను తల్లుల నుంచి వేరుచేయడమే చికిత్స అన్నారు. ఆ తల్లులు ఎంత నలిగిపోయి ఉంటారో ఊహించడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు.

1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ సిద్ధాంతాన్ని ముక్కలు చేశాడు. ఆయన మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి కూడా. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభకు వచ్చి వాళ్ల తప్పేమీ లేదని ప్రకటించాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ కవల పిల్లలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 కవల జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం కనిపించింది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. ఒకే ఇల్లు, అదే తల్లి, అదే పెంపకం. తేడా వచ్చింది జన్యువుల్లో. 2019లో డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలలో 20 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూసిన పరిశోధన కూడా ఆటిజం వెనక జన్యువుల వాటా సుమారు 80 శాతమని లెక్కగట్టింది.

సైన్సు వదిలేసిన నింద మన ఇళ్లలో ఇంకా పోలేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని, ఫోన్ చేతికిచ్చి చెడగొట్టిందని, నౌకరీ అని వదిలేసి పోయిందని, మా వంశంలో ఎవరికీ లేదని, ఏది అన్నా చివరికి పోయి తగిలేది కోడలికే. టీకా వేయించినందుకు కూడా ఆమెనే అంటారు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పత్రం 12 మంది పిల్లల మీద రాసింది. దాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించిన పరిశోధనలో తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధమే కనబడలేదు. ఫోన్ సంగతి కొంచెం వేరు. గంటల తరబడి తెర ముందు కూర్చుంటే మనుషులతో గడిపే సమయం తగ్గుతుంది, అది ఏ బిడ్డకూ మంచిది కాదు. కానీ జన్యువుల్లోనే ఉన్న తేడాను ఫోన్ మీదికి నెట్టేస్తే, ఫోన్ లాక్కున్నాక అంతా సర్దుకుంటుందని ఏడాదో రెండేళ్లో వృథా చేసుకుంటాం.

మరి తల్లిదండ్రుల ద్వారా చేసే థెరపీ ఆ నిందను దొడ్డిదారిన వెనక్కి తేవడం లేదా? లేదు. బిడ్డకు చెవుడు ఉంటే తల్లి సైగల భాష నేర్చుకుంటుంది, బిడ్డ చదువు ముందుకు పోతుంది. చెవుడు తల్లి వల్ల వచ్చిందని దాని అర్థం అవుతుందా? ఆటిజం ఉన్న పిల్లలు పంపే సంకేతాలు చాలా సన్నగా ఉంటాయి. ఒక క్షణం చూపు, చిన్న శబ్దం, వస్తువు వైపు కొంచెం కదిలిన చెయ్యి. మామూలు పిల్లలతో సరిపోయే పెంపకంలో అవి అందరికీ తప్పిపోతాయి. జవాబు రాని బిడ్డతో ఏ తల్లైనా ఏం చేస్తుంది? ఇంకా గట్టిగా పిలుస్తుంది, ఇంకా ఎక్కువ అడుగుతుంది, ఇంకా ఎక్కువ చెప్పించబోతుంది. బిడ్డ ఇంకా దూరం జరుగుతాడు. ఈ సుడిలో ఎవరి తప్పూ లేదు. ప్యాక్ట్ పట్టుకున్నది సరిగ్గా ఈ సుడినే.

నేలమీద కూర్చుని చేసే పని

ఈ పద్ధతికి మొదటి రూపం ఇచ్చినవారిలో కేథరిన్ ఆల్డ్రెడ్ అనే స్పీచ్ థెరపిస్టు ఉన్నారు. 2004లో 28 మంది పిల్లలతో చిన్న పరీక్ష జరిగింది. దాని నుంచి పెరిగిందే ప్యాక్ట్.

అందులో థెరపిస్టు పిల్లాడికి నేరుగా ఏమీ నేర్పడు. అమ్మో నాన్నో పిల్లాడితో కొద్దిసేపు ఆడుకుంటారు, దాన్ని వీడియో తీస్తారు. తర్వాత థెరపిస్టు, ఆ అమ్మ కలిసి ఆ వీడియో చూస్తారు. ఇక్కడ వాడు మీ వైపు చూశాడు చూడండి, దానికి మీరు ఇట్లా స్పందించగానే ఏం జరిగింది? తప్పులు వెతకడం ఉండదు. బాగా కుదిరిన క్షణాలను పట్టుకుని, అవి పెరిగేలా చూస్తారు. ఇంగ్లండ్‌లో మొదటి ఆరు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నెలకోసారి ఇట్లా కలిశారు. మిగతా రోజుల్లో ఇంట్లో రోజూ అరగంట సాధన.

దీన్ని మన ఇంట్లోకి తెచ్చి చూద్దాం. పిల్లాడు బొమ్మ ట్రాక్టర్‌ను తలకిందులు చేసి చక్రాన్ని తిప్పుతున్నాడు. మనం సాధారణంగా అనేది ఇది: “ఇదేంది బిడ్డా? ట్రాక్టర్ అను. అను. ఏం కలర్? చెప్పవా? ఇట్ల కాదు, సక్కగ పెట్టి నడుపు.” ఆరు మాటల్లో ఆరూ ప్రశ్నలో ఆజ్ఞలో. ఒక్కటి కూడా వాడు చూస్తున్న చక్రం గురించి కాదు. ప్యాక్ట్‌లో నేర్పేది వేరు. వాడి ఎదురుగా, వాడి కళ్లకు సమానంగా నేలమీద కూర్చోవడం. వాడు దేన్ని చూస్తున్నాడో దాన్నే చూడడం. “చక్రం... గిర్రున తిరుగుతుంది” అని చిన్నగా అని ఆగిపోవడం. ఆ ఆగడమే కష్టం. పది క్షణాలు నిశ్శబ్దంగా ఉండడం పెద్దవాళ్లకు పెద్ద పరీక్ష. ఆ ఖాళీలో పిల్లాడు ఒక్కసారి తలెత్తి చూస్తే అది వాడు మొదలుపెట్టిన సంభాషణ. దానికి వెంటనే స్పందిస్తారు.

ఇది కుదిరాక తర్వాతి మెట్లు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఊపే ఆట లాంటివి రోజూ ఒకే తీరున ఆడి, తెలిసిన చోట ఆపేసి, మళ్లీ ఊపమని వాడే ఏదో రకంగా అడిగేదాకా ఎదురుచూడడం. మాటలు వాడి స్థాయికి తగ్గట్టు కుదించడం, మెల్లగా పెంచడం. పైకి ఇది ఆటలాగే కనిపిస్తుంది కాబట్టి, ఫీజు కట్టింది దీనికా అనుకునే ఇళ్లుంటాయి. అసలు పని కనిపించని చోట జరుగుతుంది.

మన పెంపకంలో దీనికి ఎదురొచ్చే అలవాటు ఒకటుంది. ఇంటికి ఎవరొచ్చినా పిల్లలను పరీక్ష పెడతాం. పేరు చెప్పు, నమస్తే పెట్టు, అత్తకు పాట పాడి చూపించు. ఇందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు, ముద్దుతోనే చేస్తాం. కానీ ఆటిజం ఉన్న పిల్లాడికి రోజంతా ఇట్లాంటి పరీక్షలే ఎదురైతే, మనిషి దగ్గరికి రావడమంటేనే ఏదో అడగడానికని అర్థమవుతుంది.

2010లో వచ్చిన జవాబు, 2016లో వచ్చిన జవాబు

పిల్లలు వయసుతో ఎట్లాగూ ఎంతో కొంత ఎదుగుతారు. అందుకే థెరపీ మొదలుపెట్టాక మావాడు మాట్లాడాడు అన్నంత మాత్రాన అది థెరపీ వల్లే అని చెప్పలేం. ప్యాక్ట్ బృందం రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు వయసున్న 152 మంది పిల్లలను మాంచెస్టర్, లండన్, న్యూకాసిల్‌లలో తీసుకుంది. లాటరీ పద్ధతిలో 77 మందికి మామూలు సేవలతో పాటు ప్యాక్ట్, 75 మందికి మామూలు సేవలు మాత్రమే ఇచ్చారు. చివర్లో పిల్లలను అంచనా వేసినవాళ్లకు ఎవరు ఏ గుంపువాళ్లో తెలియకుండా జాగ్రత్తపడ్డారు. తెలిస్తే మంచి జరిగిందనే కళ్లతో చూస్తారు కదా.

ఏం కొలిచారన్నది అర్థమైతేనే ఫలితం అర్థమవుతుంది. కొలిచినవి గొలుసులోని మూడు లంకెలు. పెద్దవాళ్ల మాటల్లో బిడ్డ ధ్యాసను వెంబడించేవి ఎన్ని, హుకుం చేసేవి ఎన్ని అనేది మొదటి లంకె. బిడ్డ తనంతట తాను చొరవ తీసుకుని సంకేతం పంపింది ఎంత అనేది రెండోది. తెలియని పెద్దమనిషి ముందు, కొత్త గదిలో చేసే ప్రామాణిక పరీక్షలో ఆటిజం లక్షణాల తీవ్రత ఎంత అనేది మూడోది. మొదటిది కదిలితే రెండోది, రెండోది కదిలితే మూడోది కదలాలి. అదీ పరిశోధకుల ఊహ.

2010లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. మొదటి లంకె బాగా కదిలింది. రెండోది ఓ మోస్తరుగా కదిలింది. మూడోది దాదాపు కదల్లేదు, కనబడిన కొద్దిపాటి తేడా యాదృచ్ఛికం కావచ్చన్నంత చిన్నది. ఆటిజం లక్షణాలను తగ్గించడానికి ఈ పద్ధతిని మేం సిఫార్సు చేయలేం అని ఆ పత్రంలోనే రాశారు. ఏళ్ల తరబడి కష్టపడి పెంచిన సొంత పద్ధతి గురించి అట్లా రాసిన మనుషుల మాటను నేను ఎక్కువగా నమ్ముతాను.

వాళ్లు అక్కడితో వదిలేయలేదు. చికిత్స ముగిసిన దాదాపు ఆరేళ్లకు ఆ పిల్లల్లో 121 మందిని మళ్లీ కలిశారు. అప్పటికి వాళ్లకు పదేళ్లు అటూ ఇటూ. ఈసారి తేడా కనిపించింది. తీవ్రమైన లక్షణాలున్న పిల్లలు ప్యాక్ట్ గుంపులో 46 శాతం, రెండో గుంపులో 63 శాతం. 2016లో మళ్లీ లాన్సెట్‌లోనే వచ్చిన ఈ ఫలితాన్ని ప్రపంచమంతా పత్రికలు పెద్దగా రాశాయి.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ప్యాక్ట్ గుంపులోనూ 46 శాతం మందికి తీవ్ర లక్షణాలు ఉన్నాయి. ఆ పిల్లల్లో ఆందోళన, ప్రవర్తన సమస్యలు, దిగులు రెండో గుంపుతో పోలిస్తే తగ్గలేదు. కాబట్టి ‘నయమైంది’ అన్న మాటకు ఇందులో చోటు లేదు. అదే సమయంలో, చిన్నప్పుడు ఒక్క ఏడాది అమ్మానాన్నలు నేర్చుకున్నదాని జాడ ఆరేళ్ల తర్వాత, పిల్లాడికి ముక్కూమొహం తెలియని మనిషి పెట్టిన పరీక్షలో కనబడడం చిన్న విషయం కాదు. ఆటిజం థెరపీల్లో ఇంతకాలం తర్వాత వెనక్కి వెళ్లి చూసిన పరీక్షలే అరుదు. ఎందుకు నిలిచిందనడానికి నాకు సబబుగా తోచే కారణం ఒకటుంది. క్లినిక్‌లో నేర్చుకున్నది క్లినిక్‌లో ఆగిపోవచ్చు. ఇంట్లో మనుషుల తీరు మారితే అది స్నానం దగ్గర, అన్నం దగ్గర, పడుకునేటప్పుడు రోజూ నడుస్తూనే ఉంటుంది.

2022లో అదే బృందం బడిలో టీచర్లను కూడా కలిపి ఇంకో పెద్ద పరీక్ష చేసింది. పెద్దవాళ్ల తీరు, పిల్లల చొరవ మళ్లీ మెరుగయ్యాయి గాని లక్షణాల తీవ్రతలో తేడా రాలేదు. ఈ థెరపీని అమ్మేవాళ్లు 2016 ఫలితాన్ని చెప్పి 2022 ఫలితాన్ని దాటేస్తే మీరే గుర్తుచేయండి.

గోవాకు వచ్చాక

మనకు అసలు పనికొచ్చేది ఇక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో ఆ పని చేసింది స్పీచ్ థెరపిస్టులు. అంతమంది మనకు ఎక్కడ? గోవాలోని సంగాత్ సంస్థకు చెందిన పిల్లల వైద్యురాలు గౌరీ దివాన్, మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆతిఫ్ రెహమాన్, గ్రీన్‌తో కలిసి ఇంకో మెట్టు దిగి చూశారు. ఆటిజంలో నిపుణులు కాని మామూలు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత తల్లిదండ్రులకు నేర్పించారు. ఇంటి భాషలో, రెండు వారాలకోసారి. గోవా, రావల్పిండిలలో రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 65 మంది పిల్లలు. 32 మంది ఒకవైపు, 33 మంది ఇంకోవైపు. లాన్సెట్ సైకియాట్రీలో 2015 డిసెంబర్‌లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

పత్రంలో అంకెలు 0.25, 0.15 అని ఉంటాయి. వాటిని ఇట్లా అర్థం చేసుకోవాలి. పాస్ నేర్చుకున్న తల్లిదండ్రుల ప్రతి 100 పలుకుల్లో బిడ్డ ధ్యాసను వెంబడించేవి రెండో గుంపు కంటే సుమారు 25 ఎక్కువ. బిడ్డల ప్రతి 100 సంకేతాల్లో తమంతట తాము మొదలుపెట్టినవి సుమారు 15 ఎక్కువ. ఇంగ్లండ్‌లో నిపుణులు సాధించిన మొదటి రెండు లంకెల కదలిక ఇక్కడ నిపుణులు కానివాళ్ల చేతుల్లోనూ వచ్చిందన్నమాట. ఈ పరిశోధన మొత్తంలో నన్ను కదిలించిన వాక్యం ఇదే.

ఇంకో అంకె ఎదురు తిరిగింది. తల్లీబిడ్డా ఇద్దరి ధ్యాసా ఒకే వస్తువు మీద కలిసి ఉన్న సమయం ఇంగ్లండ్‌లో పెరిగితే, ఇక్కడ తగ్గింది. దాన్ని దాచకుండా సారాంశంలోనే రాశారు. 65 మందితో చేసిన పరీక్ష పెద్దది కాదు. ఇంగ్లండ్ పిల్లల్లో చూసినట్టు, ఏళ్లు గడిచాక ఈ పిల్లలకు ఏమైందన్న దాని గురించి నేనేమీ చెప్పడం లేదు. గోవా పరీక్ష తేల్చింది ఒక్కటే: ఈ నేర్పును మామూలు కార్యకర్త చేతికి అందించవచ్చు, అందిస్తే తల్లిదండ్రుల తీరూ పిల్లల చొరవా కదులుతాయి.

కార్యకర్తలను శిక్షణ తర్వాత గాలికి వదిలేయలేదు. వాళ్లు చేసిన పనిని పైనున్నవాళ్లు చూస్తూ, సరిచేస్తూ, వెన్నుదన్నుగా ఉన్నారు. పిల్లల నిద్ర, తిండి, మొండితనం లాంటి రోజువారీ బాధలే ముందు తీరాలని తల్లులు అడగడంతో, వాటికి సలహాలు జోడించిన ‘పాస్ ప్లస్’ అనే రూపాన్ని తర్వాత తయారుచేశారు. రాత్రంతా నిద్రపోని బిడ్డను పట్టుకుని కూర్చున్న తల్లికి పొద్దున ఆట గురించి చెబితే ఎక్కుతుందా?

ఓరుగల్లులో ఇది చేసేవాళ్లెవరు?

మన దగ్గర ఖాళీ నేల ఏమీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను చూస్తాయి. అవి వెతకాల్సిన జాబితాలో ఆటిజం ఉంది. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే రిసోర్స్ పర్సన్లకు ఊళ్లో ఏ ఇంట్లో ఎట్లాంటి బిడ్డ ఉన్నాడో తెలుసు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లే పోతారు. పాస్ లాంటి పద్ధతి మన జిల్లాలకు వస్తే దాన్ని మోయగల మనుషులు వీళ్లేనని నా నమ్మకం. ఆశా కార్యకర్త నెత్తిన ఇంకో రిజిస్టర్ పెట్టి చేతులు దులుపుకుంటే మాత్రం జరగదు. గోవాలో పని నడిచింది శిక్షణ, పర్యవేక్షణ, అందుకు కేటాయించిన సమయం ఉండబట్టి. వరంగల్‌లోని కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఈ పర్యవేక్షణ భారం తీసుకోగల స్థాయి ఉన్నవే. మన శాసనసభ్యులను, జిల్లా వైద్యాధికారులను అడగాల్సింది దీని గురించి.

భాష కూడా ఇక్కడ పెద్ద విషయం. మహబూబాబాద్ తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ. పట్నం సెంటర్‌లో తెలుగులోనో ఇంగ్లీషులోనో నేర్పిన నాలుగు మాటలు ఆ బిడ్డకు ఇంట్లో ఎవరితో పనికొస్తాయి? అమ్మానాన్నల ద్వారా చేసే పద్ధతి ఏ ఇంట్లో అయినా ఆ ఇంటి భాషలోనే నడుస్తుంది. ‘రెండు భాషలు వద్దు, ఒక్కటే మాట్లాడండి’ అని తల్లి చేత తన భాషనే మాన్పించే సలహా ఇప్పటికీ వినబడుతోంది. మనసులోని మాట సహజంగా వచ్చే భాషను లాక్కుంటే తల్లి బిడ్డతో మాట్లాడడమే తగ్గిపోతుంది.

పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికొస్తుంది. అరగంట ఆట ఎక్కడి నుంచి తేవాలి? బిడ్డ దగ్గర ఉండేది నాయనమ్మో తాతో. నేర్పేటప్పుడు వాళ్లను కూడా కూర్చోబెట్టాలి. తండ్రిని కూడా. ఈ పని మొత్తం అమ్మ మీదే పడితే, పాత నింద కొత్త బాధ్యత వేషంలో తిరిగొస్తుంది. నువ్వు సరిగ్గా ఆడలేదు కాబట్టే మాటలు రాలేదు అనే రోజు రాకూడదు. లాటరీలో ప్యాక్ట్ వచ్చి, అన్నీ సరిగ్గా చేసిన ఇంగ్లండ్ తల్లుల పిల్లల్లోనూ ఎందరికో తీవ్ర లక్షణాలు మిగిలాయని మర్చిపోవద్దు.

ఇప్పుడు ఇంట్లో అనుమానం ఉన్నవాళ్లకు కొన్ని మాటలు. పిలిస్తే పలకకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనబడితే ‘మేనమామ కూడా ఐదేండ్లకు మాట్లాడిండు’ అనే మాట విని ఆగిపోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. దర్గాకు పోయినా, తాయత్తు కట్టినా, మొక్కు మొక్కినా నేను కాదనను, డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం దాని కోసం వాయిదా వేయొద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఆటిజం తగ్గుతుందనడానికి రుజువు లేదు, పొలం అమ్మొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సికింద్రాబాద్ సంస్థ తయారుచేసిన 40 అంశాల భారతీయ కొలమానంతో అంచనా వేసి సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో పింఛను, బడిలో హక్కులు, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా దొరుకుతాయి. థెరపీ ఖర్చుకూ ఆ బీమాలో కొంత వాటా ఉంది.

ఫోన్‌లో వీడియో తీసుకుని మనమే చూసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పరీక్షకు నిలిచింది శిక్షణ పొందిన మనిషి పక్కన కూర్చుని చూపించిన పద్ధతి. ఒక్కరే చూసుకుంటే కళ్లకు కనబడేది సొంత తప్పులే, అది ఇంకో బాధ. అయినా ఎదురుగా కూర్చోవడానికీ, బిడ్డ చూసేదాన్ని చూడడానికీ, ప్రశ్న తగ్గించి కాసేపు ఆగడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాటివల్ల నష్టమూ లేదు. చొరవ అంటే మాటే కానవసరం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చేయి పట్టి లాగడం, బొమ్మ తెచ్చి ఒళ్లో పెట్టడం, బొమ్మల కార్డు చూపించడం అన్నీ లెక్కలోకి వస్తాయి. బొమ్మల కార్డులు వాడితే మాటలు రావడం ఆగిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

ఏడేళ్లు నిండిన పిల్లాడి తల్లితో ‘వయసు దాటిపోయింది, ఇక లాభం లేదు’ అని చెప్పేవాళ్లు ఉన్నారు. చిన్న వయసులో మొదలుపెడితే మంచిదన్నది నిజమే. కానీ గోవా, రావల్పిండి పరీక్షలోకి తీసుకున్న పిల్లల వయసు తొమ్మిదేళ్ల దాకా ఉంది.